ప్రాసెసర్ మార్చాక సగం ర్యామ్ కనపడటం లేదా? కొత్త ర్యామ్ కొనే ముందు ఇది చదవండి

కావలి నుంచి ఒక లెక్కల మాస్టారు అడిగారు. ఆయన దగ్గర రెండో తరం ఐ5-2410ఎం ప్రాసెసర్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. పిల్లలకు వీడియో పాఠాలు తయారు చేయడానికి స్పీడ్ చాలక, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఐ7-2670క్యూఎం తెప్పించి, తెలిసిన కుర్రాడి చేత వేయించుకున్నారు. ల్యాప్‌టాప్ ఆన్ అయింది, ఐ7 అనే చూపిస్తోంది. కానీ 4 జీబీ ర్యామ్‌లు రెండు ఉన్నా, విండోస్ "8 జీబీ, అందులో వాడుకోగలిగింది 3.9 జీబీ" అంటోంది. రోజుకు ఒకటి రెండుసార్లు విండోస్ ఆగిపోయి బ్లూ స్క్రీన్ కూడా వస్తోంది. షాపులో ర్యామ్ పోయిందన్నారు. కొత్తది కొన్నారు, అయినా అంతే. ఇప్పుడు బోర్డు పోయిందంటున్నారు. నిజంగా పోయిందా అని ఆయన ప్రశ్న.

మాస్టారూ, బోర్డు గురించి అప్పుడే టెన్షన్ పడకండి. ర్యామ్ మీద మాత్రం ఇంకో రూపాయి పెట్టకండి. నెల్లూరులో పదిహేనేళ్ళుగా ల్యాప్‌టాప్‌లు బాగు చేస్తున్నాను. ప్రాసెసర్ మార్చిన వెంటనే ఇలా సగం ర్యామ్ పోయిన కేసుల్లో ఎక్కువ భాగం ప్రాసెసర్ కింద పిన్ను వంగినవో, ప్రాసెసర్ సాకెట్‌లో సరిగ్గా కూర్చోనివో. మీ పాత ఐ5 ఇంకా మీ దగ్గరే ఉంటే, దాన్ని తిరిగి పెట్టి చూడండి. 8 జీబీ మొత్తం వచ్చేసిందంటే మీ బోర్డూ బాగుంది, ర్యామూ బాగుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు, కావాల్సింది ఒక గంట ఓపిక. దీనికంటే గట్టి పరీక్ష నాకు తెలిసి ఇంకోటి లేదు.

మార్చింది ప్రాసెసర్ అయితే ర్యామ్ ఎందుకు పోతుంది అనిపించడం సహజం. షాపుల్లో కూడా చాలామంది పొరపడేది ఇక్కడే. కోర్ 2 డుయో రోజుల్లో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ బోర్డు మీద నార్త్‌బ్రిడ్జ్ అనే వేరే చిప్‌లో ఉండేది. అప్పుడు ప్రాసెసర్ మార్చినా ర్యామ్ స్లాట్ పోవడం అరుదు. మొదటి తరం కోర్ ఐ ప్రాసెసర్లతో, అంటే 2009-10 నుంచి, ఆ కంట్రోలర్ ప్రాసెసర్ ప్యాకేజీలోకి వచ్చేసింది. 2011లో వచ్చిన రెండో తరంలో, అంటే మీ దాంట్లో, అసలు చిప్‌లోనే కలిసిపోయింది. కాబట్టి మీరు ప్రాసెసర్ మార్చారంటే మెమరీ కంట్రోలర్‌ను కూడా మార్చినట్టే. ర్యామ్ స్లాట్ నుంచి వచ్చే దాదాపు ప్రతి సిగ్నల్ లైనూ ప్రాసెసర్ కింద ఒక పిన్నులో ముగుస్తుంది.

మీ సాకెట్ పేరు జీ2. దానికి 988 పిన్నులు. రెండు స్లాట్లున్న ల్యాప్‌టాప్‌లో ఒక్కో స్లాట్‌ది ఒక్కో చానల్, అంటే ప్రాసెసర్‌కు పోయే సొంత దారి. ఒక చానల్‌లో డేటాకే 64 లైన్లు ఉంటాయి, అడ్రసు, క్లాక్, కంట్రోల్ లైన్లు వేరే. వీటిలో ఒక్కటి తెగినా, ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) ర్యామ్‌ను పరీక్షించి, ఆ చానల్ పనికిరాదని పక్కన పెట్టేయవచ్చు. రెండో చానల్‌తో మెషీన్ మామూలుగానే నడుస్తుంది. మీకు జరుగుతున్నది ఇదే అనిపిస్తోంది.

అలాంటప్పుడు 8 జీబీ అని ఎందుకు చూపిస్తోంది? ప్రతి ర్యామ్ స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. "నేను 4 జీబీ, నా స్పీడ్ ఇంత" అనే వివరం అందులో రాసి ఉంటుంది. దాన్ని చదివే దారి వేరు, అది ప్రాసెసర్ పిన్నుల గుండా పోదు, బోర్డు మీదే వేరేగా ఉండే చిప్‌సెట్ వైపు నుంచి పోతుంది. అందుకే రెండు స్టిక్కులూ ఉన్నాయని మెషీన్‌కు తెలుసు, కానీ ఒకదాన్ని వాడుకోలేకపోతోంది. ఈ "8లో 3.9" అనే లెక్క చూస్తేనే నాకు అనుమానం ర్యామ్ మీద నుంచి ప్రాసెసర్ మీదకు పోతుంది. రెండు కొత్త స్టిక్కులతో కూడా అదే లెక్క వచ్చిందంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

విప్పే ముందు ఐదు నిమిషాలు విండోస్ వైపు కూడా చూసేయండి. ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ టూల్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళండి. అక్కడ "మ్యాగ్జిమమ్ మెమరీ" దగ్గర టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. యూట్యూబ్ చూసి స్పీడ్ పెరుగుతుందని ఎవరో టిక్ పెట్టి ఉంటారు, అది ర్యామ్‌ను పెంచదు, ఒక్కోసారి తగ్గిస్తుంది. విండోస్ 32 బిట్‌దా 64 బిట్‌దా చూడండి. 32 బిట్ మామూలు విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు. ప్రాసెసర్ మార్చినప్పుడు కుర్రాడు విండోస్ కూడా కొత్తగా వేసి ఉంటే ఇది తప్పకుండా చూడాలి. ఇక 8 జీబీలో 7.8 లేదా 7.9 చూపిస్తే దాన్ని పట్టించుకోకండి, ఆ కాస్తా లోపలి గ్రాఫిక్స్ తీసుకుంటుంది.

విండోస్ సంగతి కాదని తేలితే స్క్రూడ్రైవర్ తీయండి. ముందు బ్యాటరీ, చార్జర్ రెండూ తీసేసి, పవర్ బటన్ ఓ అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది.

మొదటి పని ర్యామ్‌తో నాలుగు పరీక్షలు. ఒక స్టిక్ లేబుల్ మీద పెన్నుతో 'అ' అనీ, రెండోదాని మీద 'ఆ' అనీ రాసుకోండి. 'అ' ఒక్కటే మొదటి స్లాట్‌లో పెట్టి ఆన్ చేయండి. తర్వాత దాన్నే రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. 'ఆ'తో కూడా అలాగే రెండుసార్లు. నాలుగు ఫలితాలూ కాగితం మీద రాయండి, గుర్తుంటుందిలే అనుకుంటే తర్వాత కలగాపులగం అవుతుంది. ఒక స్టిక్ రెండు స్లాట్లలోనూ పని చేయకపోతే ఆ స్టిక్ పోయినట్టు. రెండు స్టిక్కులూ ఒకే స్లాట్‌లో పని చేయకపోతే తప్పు స్టిక్కులది కాదు, ఆ స్లాట్‌ది గానీ చానల్‌ది గానీ. ఏ స్లాట్‌లో పెట్టినా బూట్ అయి, రెండూ కలిపి పెట్టినప్పుడే సగం చూపిస్తే, స్టిక్కులు ఒకదానికొకటి పొసగడం లేదేమో చూడాలి.

ఈ పరీక్ష చేస్తున్నప్పుడే కొందరికి సమస్య తీరిపోతుంది. ప్రాసెసర్ మార్చడానికి బోర్డు బయటికి తీసేటప్పుడు ర్యామ్ కూడా తీసి పెడతాం కదా, ఒక స్టిక్ సగమే దిగి ఉంటుంది. ర్యామ్‌ను ఏటవాలుగా లోపలికంటా తోసి, ఆ తర్వాత కిందికి నొక్కాలి, రెండు పక్కలా క్లిప్పులు టిక్కుమనాలి. బంగారు రంగు పళ్ళు స్లాట్ బయట ఒకే సన్నటి గీతలా సమానంగా ఉండాలి. మీరు సముద్రం దగ్గరివాళ్ళు కాబట్టి ఇంకో మాట. ఉప్పు గాలికి ఆ పళ్ళ మీద సన్నటి మరక పడుతుంది. మెత్తటి రబ్బరుతో తుడిచి, పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. రొయ్యల చెరువుల గట్టు మీద షెడ్లలో వాడే ల్యాప్‌టాప్‌లకు నేను ముందు చేసే పని ఇదే.

ఒక స్లాట్ పూర్తిగా చచ్చినట్టు కనపడితే రెండో పని, పాత ఐ5 తిరిగి పెట్టడం. అది పెట్టగానే స్లాట్ బతికితే తప్పు ఐ7 పిన్నులలో ఉంది, లేదా అది కూర్చున్న తీరులో ఉంది, లేదా ఐ7 లోపలే ఉంది. ఐ5 పెట్టినా స్లాట్ రాకపోతే అప్పుడు సాకెట్‌నీ, స్లాట్ టంకాన్నీ అనుమానించాలి. మార్చే ముందు 8 జీబీ వచ్చేది కాబట్టి, ఆ దెబ్బ మార్చేటప్పుడు తగిలిందే అయి ఉంటుంది. "బోర్డు పోయింది" అనే మాట ఈ పరీక్ష తర్వాత అనాల్సింది, ముందు కాదు.

ఇది నాకూ మొదట్లో తెలియదు. షాపు పెట్టిన కొత్తలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ఐ7 వేశాను. వారానికి సగం ర్యామ్ పోయిందని తెచ్చింది. నేను ర్యామ్ మార్చాను. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ మార్చాను. మూడోసారి ప్రాసెసర్ తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూస్తే మూలన ఒక పిన్ను పక్కకు వాలి ఉంది. అది సాకెట్‌లోకి దిగుతూనే పక్క గోడను ఆనుకుని ఉంది, కాసేపు తగిలేది, కాసేపు తగిలేది కాదు. ఆ అమ్మాయి ర్యామ్ కోసం ఇచ్చిన డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆ రోజు నుంచి ప్రాసెసర్ మార్చిన ఏ మెషీన్‌కూ పిన్నులు చూడకుండా ర్యామ్ మార్చలేదు.

పిన్నులు చూడటం ఎలాగో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నష్టం జరిగేది ఇక్కడే. ఇలా తీసి పెట్టగలిగే ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, సాకెట్‌కు చిల్లులు. సాకెట్ పక్కన ఒక బల్లపరుపు స్క్రూ ఉంటుంది, దాని దగ్గర తాళం బొమ్మలు వేసి ఉంటాయి. తెరిచిన వైపు పూర్తిగా తిప్పాకే ప్రాసెసర్‌ను పైకి ఎత్తాలి. అది బలం లేకుండా లేవాలి. తాళం సగం తెరిచి ఊగించి లాగితే పిన్నులు వంగుతాయి. పెట్టేటప్పుడు మూలనున్న త్రికోణం గుర్తు సరిపోల్చి వదిలితే దానంతటదే దిగాలి. దిగకపోతే నొక్కొద్దు, ఏదో ఒక పిన్ను అడ్డంగా ఉందన్నమాట. దిగాక తాళాన్ని ఆఖరు దాకా తిప్పండి. సగంలో ఆపితే పిన్నులు పైపైన తగులుతాయి, అప్పుడు కూడా ఇవే లక్షణాలు వస్తాయి.

బయటికి తీసిన ప్రాసెసర్‌ను కంటి ఎత్తులో పెట్టుకుని వరసల మధ్య నుంచి చూడండి. నాలుగు వైపులా అలా చూడాలి. జొన్న చేలో సాళ్ళ మధ్య నిలబడి చూసినట్టు, వరస తప్పింది ఇట్టే కనపడుతుంది. వంగిన పిన్నును లేపడానికి స్కూలు పిల్లల దగ్గర దొరికే లెడ్ పెన్సిల్ చాలు. లెడ్ తీసేసి ఆ ఖాళీ ముక్కును పిన్నుకు తొడిగి, కొద్దికొద్దిగా నిలబెట్టాలి. లెడ్ ముక్క లోపల మిగలకుండా చూసుకోండి, అది కరెంటును పారనిస్తుంది. ఒక పిన్నును రెండు మూడుసార్ల కంటే ఎక్కువ అటూ ఇటూ వంచితే విరుగుతుంది. పిన్నుల మధ్య తెల్లటి పేస్ట్ చేరి ఉందేమో కూడా చూడండి. ప్రాసెసర్ మీద రాసే ఈ థర్మల్ పేస్ట్‌లలో చాలావాటిలో కరెంటు పారదు కాబట్టి షార్ట్ కాకపోవచ్చు, కానీ పిన్ను సాకెట్‌కు తగలకుండా అడ్డుపడుతుంది. ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

పిన్నులు బాగానే ఉంటే, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ స్క్రూలను చూడాలి. ఒంగోలు నుంచి వచ్చిన ఒక మెషీన్‌లో పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయి, అయినా ఒక స్లాట్ రాలేదు. హీట్‌సింక్ బిగించకుండా రెండు క్షణాలు ఆన్ చేస్తే స్లాట్ వచ్చింది, బిగిస్తే పోయింది. (అలా ఆన్ చేయడం మీరు ఇంట్లో చేయకండి, ప్రాసెసర్ క్షణాల్లో విపరీతంగా వేడెక్కిపోతుంది.) ఎవరో ఒక మూల స్క్రూను మొత్తం బిగించేసి తర్వాత మిగతావి బిగించారు, ప్రాసెసర్ ఒక పక్కకు వాలింది. హీట్‌సింక్ మీద 1, 2, 3, 4 అని అంకెలు ఉండేది ఇందుకే. ఆ వరసలో ఒక్కోటి కొంచెం కొంచెం బిగిస్తూ రెండు మూడు చుట్లలో పూర్తి చేయాలి.

ఇంకా కుదరకపోతే బయోస్‌లో దాచిన సెట్టింగులను ఖాళీ చేయండి. పాత ప్రాసెసర్‌తో నేర్చుకున్న ర్యామ్ లెక్కలు కొన్ని మెషీన్లలో అలాగే దాచి ఉంటాయి. చార్జర్, బ్యాటరీ తీసేసి, బోర్డు మీద బిళ్ళ బ్యాటరీని పది నిమిషాలు తీసి పెడితే పోతాయి. కానీ దీనికి ముందు బయోస్‌లోకి వెళ్ళి సాటా మోడ్ (హార్డ్ డిస్క్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే సెట్టింగు) ఏహెచ్‌సీఐ అని ఉందా, ఐడీఈ అని ఉందా రాసి పెట్టుకోండి. ఖాళీ చేశాక అది మారిపోతే విండోస్ తెరుచుకోదు, హార్డ్ డిస్క్ కూడా పోయిందని భయపడతారు. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుంటే చాలు.

మీ రెండు ప్రాసెసర్లూ రెండో తరానివే కాబట్టి బయోస్ అప్‌డేట్ మీకు పెద్ద సంగతి కాదు. కానీ ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. జీ2 సాకెట్‌లో మూడో తరం ప్రాసెసర్ కూడా కూర్చుంటుంది, అయితే కూర్చున్నంత మాత్రాన నడవదు, బయోస్‌కు ఆ ప్రాసెసర్ తెలిసి ఉండాలి. నాలుగో తరానికి సాకెట్టే వేరు, పైగా వాటికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ ర్యామ్ కావాలి. పాత 1.5 వోల్టుల స్టిక్ తెచ్చి అందులో పెట్టకూడదు. ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు బోర్డుకే అతికించి వస్తున్నాయి, చివర 'యూ' ఉన్నవి అంతకు ముందు కూడా అంతే. అలాంటివాటికి ప్రాసెసర్ మారుస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ర్యామ్‌దే తప్పయ్యే సందర్భం కూడా ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. కొత్త ప్రాసెసర్ ర్యామ్‌ను ఎక్కువ స్పీడ్‌లో నడపగలిగినప్పుడు ఇది బయటపడుతుంది. 1600 స్పీడ్ స్టిక్కులు పాత ఐ5 కింద 1333లోనే నడుస్తుంటాయి. మూడో తరం ఐ7 పెట్టగానే 1600కు పోతాయి. అంత స్పీడ్‌ను తట్టుకోలేని నాసిరకం స్టిక్ ఉంటే అప్పుడే బ్లూ స్క్రీన్లు మొదలవుతాయి. రెండు వేర్వేరు కంపెనీల స్టిక్కులు కలిపి పెట్టినవాళ్ళకు ఇది ఎక్కువ. మీ 2670క్యూఎం మాత్రం 1333 దాటదు, కాబట్టి మీ విషయంలో దీన్ని చివరికి పెడతాను.

బ్లూ స్క్రీన్ల గురించి వేరుగా చెప్పాలి. చానల్ సమస్య తీరాక కూడా అవి వస్తుంటే వేడిని అనుమానించండి. మీ పాత ఐ5 35 వాట్లది, కొత్త ఐ7 45 వాట్లది. హీట్‌సింక్, ఫ్యాన్ మాత్రం పాతవే. చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీ ఆఫీసు ల్యాప్‌టాప్ ఇలాగే నన్ను పది రోజులు తిప్పింది. నా షాపులో రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) పెడితే ఒక్క తప్పూ లేదు. అక్కడికి పోగానే మధ్యాహ్నం మెమరీ మేనేజ్‌మెంట్ అంటూ బ్లూ స్క్రీన్. చివరికి నేనే వెళ్ళి చూశాను. మే నెల, రేకుల షెడ్డు, ఫ్యాన్ గాలి బయటికి పోయే దారిలో రాతిపొడి బెల్లం అచ్చులా గట్టిపడి ఉంది. ర్యామ్ స్లాట్ హీట్‌సింక్ రాగి గొట్టానికి ఆనుకుని ఉంది. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న చార్జ్, అది కారిపోతూ ఉంటుంది, అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లకు మళ్ళీ నింపుతారు. వేడి పెరిగితే కారడం పెరుగుతుంది. 85 డిగ్రీలు దాటితే రెట్టింపు వేగంగా నింపాలి. ఫ్యాన్ శుభ్రం చేసి, పేస్ట్ మార్చి, కింద రెండు చెక్క ముక్కలు పెట్టించాక ఆ మెషీన్ మళ్ళీ నా దగ్గరికి రాలేదు. అప్పటి నుంచి ఎండాకాలంలో మెమ్‌టెస్ట్‌ను ఏసీ గదిలో కాకుండా, ల్యాప్‌టాప్ వాడే చోట, వాడే వేళకే పెట్టమంటున్నాను. కనీసం నాలుగు రౌండ్లు పూర్తవ్వాలి. అందులో ఒక్క ఎర్రగీత వచ్చినా దాన్ని వదిలేయకండి.

ఇక మీరు కొన్న ఐ7 సంగతి. దాని మీద ఏం రాసి ఉందో ఒకసారి చదవండి. అసలు అమ్మకపు ప్రాసెసర్ మీద మోడల్ పేరు, 'ఎస్ఆర్'తో మొదలయ్యే కోడ్ ఉంటాయి. వాటికి బదులు "ఇంటెల్ కాన్ఫిడెన్షియల్" అని, 'క్యూ'తో మొదలయ్యే కోడ్ ఉంటే అది కంపెనీలు పరీక్షల కోసం వాడే శాంపిల్. అలాంటివి చవగ్గా దొరుకుతాయి, కానీ అందరి బోర్డుల మీదా సరిగ్గా నడవవు. మా వైపు వాళ్ళు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి తెచ్చుకుంటుంటారు. అక్కడ కొనేటప్పుడు నేను ముందు చూసేది ఆ కోడ్, తర్వాత పిన్నులు, ఆ తర్వాతే ధర. ఆన్‌లైన్‌లో ఈ రెండు ఫోటోలూ పెట్టని వాళ్ళ దగ్గర కొనను.

పాత ఐ5తో 8 జీబీ వచ్చి, పిన్నులు నిటారుగా ఉండి, స్క్రూలు వరసగా బిగించినా ఐ7తో సగమే వస్తుంటే, ఆ ఐ7లోనే ఒక చానల్ పోయి ఉంటుంది. దాన్ని ఎవరూ బాగు చేయలేరు. తిరిగి పంపే గడువు ఉంటే వెంటనే పంపేయండి. గడువు దాటిపోతే ఐ5నే ఉంచి, ఇంకా హార్డ్ డిస్కే ఉంటే ఆ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించండి. వీడియో ఎక్స్‌పోర్ట్ టైమ్ పెద్దగా తగ్గదు కానీ, ఆన్ అవ్వడం, ఫైళ్ళు తెరుచుకోవడం మాత్రం మీరే ఆశ్చర్యపోయేంత మారతాయి.

నాలుగు ర్యామ్ పరీక్షల ఫలితాలూ, ఐ5 పెట్టినప్పుడు వచ్చిన లెక్కా, ఐ7 పిన్నుల ఫోటో ఒకటి పంపండి మాస్టారూ. ఫోటో పక్క నుంచి వెలుతురు పడేలా తీయండి, పై నుంచి ఫ్లాష్ వేస్తే వంగిన పిన్ను కనపడదు.